అవ్వ వంతు నీళ్ళు

పోయిన చలికాలం ఒక నది ఒడ్డున నిలబడి, చేతులు చంకల్లో దాచుకుని, చలికి పళ్ళు టకటకలాడుతుంటే, పిల్లలు అట్టముక్కలతో చేసిన చిన్న చిన్న ఇళ్ళను నీళ్ళలో వదలడం చూశాను. ఒక్కో ఇంట్లో ఒక్కో కొవ్వొత్తి వెలుగుతోంది. జర్మన్ మాట్లాడే దేశంలో చిన్న ఊరు అది. మా చెల్లెలి కూతురు ఆ చుట్టుపక్కలే చదువుకుంటోంది. ఏం చూస్తావు పెద్దమ్మా అని అడిగినప్పుడు నేను ఏదో పెద్ద కోట పేరు చెప్తాననుకుంది పాపం. నేను ఈ ఊరి పేరు చెప్పాను. ఫోన్లో వెతికి, "అక్కడ చూడ్డానికి ఏముంది పెద్దమ్మా?" అని నా మొహంలోకి అనుమానంగా చూసింది.

అక్కడ ఏముందో నాకు తొమ్మిదేళ్ళప్పుడే తెలుసు. వంతెన దిగగానే ఎడమ పక్కన రొట్టెల కొట్టు. దాని పక్క సందులోంచి పోతే బట్టలుతికే చెక్క మెట్లు. ఆ మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు ఊళ్ళో ఎవరి కోడలు ఎట్లాంటిదో తేల్చేస్తారు. చేపలమ్మే ఆయన చేపల్ని తొట్టిలో బతికుండగానే ఉంచి, కొనేవాళ్ళు వేలు చూపించినదాన్నే పట్టి ఇస్తాడు. ఇప్పుడు రొట్టెల కొట్టు చోట కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. చెక్క మెట్లు లేవు, చేపలాయన లేడు. నది మాత్రం ఉంది, చర్చి గంట మోగుతోంది, ఇళ్ళు తేలుతున్నాయి. నాకు కళ్ళ నీళ్ళు తిరిగితే మా పిల్ల చలికి అనుకుని తన మఫ్లరు నా మెడకు చుట్టింది. నేనూ చలికే అని ఊరుకున్నాను.

నిజానికి ఈ ఊరిని నాకు చూపించింది ఇంకో ఊరు. ఒమన్‌లో, రుస్తాఖ్ పోయే దారిలో, కొండల అడుగున ఉండేది. అప్పుడప్పుడే ఆ దేశంలో రోడ్లు పడుతున్నాయి. మస్కట్ నుంచి మేముండే చోటికి రావాలంటే సగం దూరం రోడ్డు, మిగతా సగం దుమ్ము. ఆ దుమ్మును రోడ్డు చేసే కంపెనీలో మా బాపు మెకానిక్కు. కంపెనీలో కరీంనగర్ వైపు వాళ్ళు, నిజామాబాద్ వైపు వాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. అందరూ పెళ్ళాం పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి, ఒకే రూమ్‌లో మంచం మీద మంచం వేసుకుని పడుకునేవాళ్ళు. బాపు ఒక్కడే భార్యను, బిడ్డను తెచ్చుకుని, ఊళ్ళో మట్టి ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. రాళ్ళల్లకు సంసారం తెచ్చిండని వాళ్ళంతా ఎగతాళి చేసేవాళ్ళు. శుక్రవారం సెలవు వస్తే మాత్రం ఆ ఎగతాళి చేసినవాళ్ళే పచ్చి పులుసు కోసం మా గుమ్మంలో వరసగా కూర్చునేవాళ్ళు.

అమ్మకు ఆ ఊరు నచ్చలేదు. ఇంట్లో గోడలు మట్టివే, పైకప్పుకు ఖర్జూరం మొద్దులే, మన ఇళ్ళకు పెద్ద తేడా ఏం లేదు. కానీ పక్కింటి వైపు నుంచి పొద్దున సాంబ్రాణి పొగ వచ్చేది, మధ్యాహ్నం ఎండు సొర చేప వాసన వచ్చేది. "ఒక ముక్కుల గుడి, ఇంకో ముక్కుల సంత," అని అమ్మ కొంగు అడ్డం పెట్టుకునేది. మాట్లాడే మనిషి లేదు, అక్కాచెల్లెళ్ళు లేరు, తిట్టుకోవడానికి ఆడబిడ్డ కూడా లేదు. చివరికి ఒక రోజు బాపుకు అన్నం వడ్డిస్తూ తేల్చి చెప్పేసింది.

"ఈ దసరా దాక సూస్త. ఎన్కనుంచి బిడ్డను తీస్కొని పోత. నువ్వు నీ రోడ్డు ఏసుకో."

బాపు తల వంచుకుని తిన్నాడు. నాకు మాత్రం ఆ ఊరు తెగ నచ్చింది. బడి లేదు, అంతకంటే ఇంకేం కావాలి? పక్కింటి పిల్లలతో తిరిగి తిరిగి నెల రోజుల్లో వాళ్ళ మాట పట్టేశాను. అన్నిటికంటే నచ్చింది ఆ ఊరి కాలువ. వాళ్ళు ఫలజ్ అంటారు. ఎక్కడో కొండ లోపల పుట్టిన నీళ్ళు నేల కింద నుంచి వచ్చి, ఊరి పైన బయటపడి, ఇళ్ళ మధ్య నుంచి సన్నగా పారి, కింద ఖర్జూరం తోటల్లోకి పోతాయి. కాళ్ళు పెట్టి కూర్చుంటే చిట్టి చేపలు వచ్చి చక్కిలిగింతలు పెట్టేవి. మేం ఖర్జూరం మట్టల పడవలు వదిలి, అవి ఏ ఇంటి కింద నుంచి ఎటు తేలతాయో అని పరిగెత్తేవాళ్ళం. ఒకసారి బాపు చెప్పు కూడా వదిలాం. అది మళ్ళీ తేలలేదు, బాపు రెండు రోజులు ఒంటి చెప్పుతో తిరిగాడు.

ఆ కాలువకు ఒక మర్యాద ఉంది. పైన, నీళ్ళు బయటపడే చోట, తాగడానికి ముంచుకోవాలి. తర్వాత మసీదు. ఆ తర్వాత మగవాళ్ళ స్నానాలు, ఆడవాళ్ళ స్నానాలు, బట్టలు, గిన్నెలు. అన్నిటికంటే కింద తోటలు. తోటలకు నీళ్ళు వంతుల ప్రకారం పారతాయి. ఎవరి వంతు వస్తే వాళ్ళ తూముకు అడ్డం పెట్టిన రాయి, గుడ్డ తీస్తారు, వంతు అయిపోగానే మళ్ళీ మూస్తారు. ఎండలో పాతిన కర్ర నీడను చూసి వంతులు చెప్పడానికి ఒక పెద్దమనిషి ఉండేవాడు. మన దగ్గర చెరువు నీళ్ళు పంచే నీరటికాడు ఉంటాడే, అట్లాగ. బాపు ఆయన్ని నీరటి అనే పిలిచేవాడు. ఆయన చేతిలో సన్నటి బెత్తం ఉండేది. మేం పిల్లలం ఊరికే ఎవరి తూమైనా తీసి పారిపోతే ఆ బెత్తం వెంట వచ్చేది.

పక్కింట్లో ఒక ముసలావిడ ఒక్కతే ఉండేది. ప్రతి వేలికీ వెండి ఉంగరం, ఎర్ర పూల బట్టలు, గట్టి గొంతు. అమ్మ ఆమెను అవ్వా అని పిలిచింది, ఆమె పలికింది, ఇక అదే పేరైపోయింది. అవ్వకు కింద చిన్న తోట ఉంది. కొన్ని ఖర్జూరం చెట్లు, వాటి నీడన మేకలకు వేసే గడ్డి, ఆ గడ్డికి ఊదా రంగు పూలు. ఒక నల్ల మేక ఉండేది, చూలుతో ఉంది. అవ్వకు మనుషులతో పేచీ పెట్టుకోవడం ఎంత ఇష్టమో ఆ మేకతో మాట్లాడటం అంత ఇష్టం. అమ్మ తెలుగులో, అవ్వ అరబ్బీలో, ఎవరి భాషలో వాళ్ళు గోడ మీంచి మాట్లాడుకునేవాళ్ళు. తర్జుమాకు నన్ను పిలిచేవాళ్ళు కానీ, నేను లేనప్పుడే వాళ్ళకు ఎక్కువ అర్థమయ్యేదని నా అనుమానం.

మొదటిసారి అవ్వ ఇంట్లో కాఫీ తాగినప్పుడు అమ్మ అవస్థ చూడాలి. చిన్న గిన్నెలో యాలకుల కాఫీ పోస్తారు. చాలు అనుకుంటే గిన్నెను చేత్తో కాస్త ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. అమ్మకు ఆ సంగతి తెలియదు, నాకు తెలుసు. అమ్మ తాగడం, అవ్వ పోయడం, మర్యాదకు అమ్మ మళ్ళీ తాగడం, అవ్వ మురిసిపోయి మళ్ళీ పోయడం. నేను ఖర్జూరాలు తింటూ చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక అమ్మ నా తొడ మీద పెట్టిన పాశం నాకు ఇంకా గుర్తుంది.

ఇక మూడో ఆడమనిషి దొరసాని. రోడ్డు వేయించే పెద్ద ఇంజనీరు భార్య. ఊరి బయట కంపెనీ క్యాంపులో చెక్క ఇంట్లో ఉండేది. జీపు తనే నడుపుకుంటూ వచ్చేది. క్యాంపులో బట్టలుతికే మిషను ఉన్నా బట్టలు మూటగట్టుకుని మా కాలువ దగ్గరికే వచ్చేది. మొదట్లో ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత ఆమెకు ఒక రాయి ఖాళీగా ఉంచడం మొదలుపెట్టారు. ఎందుకొస్తావని నేనడిగితే, తన వచ్చీరాని అరబ్బీలో, మా ఊళ్ళో నది ఉంది, అక్కడ నేను మా అమ్మ పక్కన కూర్చుని ఉతికేదాన్ని, మిషను దగ్గర ఎవరూ కబుర్లు చెప్పరు అంది. ఆ మాట అమ్మకు చెప్పాను. అమ్మ ఆ రోజు నుంచి ఆమెకు సర్వపిండి పెట్టడం మొదలుపెట్టింది. ఆమె బదులుగా తను కాల్చిన నల్ల రొట్టె తెచ్చేది. పుల్లగా, షాజీరా వాసనతో, రాయిలాగా ఉండేది.

"పిండి పులిసిపోయింది, పాపం ఆమెకు ఎవ్వలు చెప్పలేరు," అని అమ్మ ఆ రొట్టెను భక్తిగా అవ్వ మేకకు పెట్టేది.

ఆ రాళ్ళ మీదే దొరసాని తన ఊరు చెప్పేది. నేను తెలుగులోకి తిప్పేదాన్ని. నది గడ్డకడితే పిల్లలు దాని మీద జారడం, ఆ గడ్డ పగిలే రోజు తుపాకీ పేలినట్టు చప్పుడు రావడం, రొట్టెలాయన తెల్లారకముందే పొయ్యి వెలిగిస్తే ఆ వాసనకే ఊరు లేవడం. ఒక రోజు ఇళ్ళ కథ చెప్పింది. ఎప్పుడో ఆ నది పొంగి ఊరిని మింగబోయిందట. ఊరివాళ్ళు ఎవరి ఇంటిని వాళ్ళు చిన్న బొమ్మగా చేసి, లోపల దీపం పెట్టి, ఇవి తీసుకో, అవి వదిలెయ్ అని నదికి ఇచ్చారట. అప్పటి నుంచి ఏటా చలికాలంలో పిల్లలు ఇళ్ళు చేసి వదులుతారట.

అమ్మ చేతిలో బట్ట అట్లాగే పట్టుకుని విన్నది. "మన లెక్కనే," అంది. "మనం పూలిస్తం, వాళ్ళు ఇండ్లిస్తరు." బతుకమ్మ పండగ దగ్గర పడుతోందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మ బాపుతో, బతుకమ్మ ఆడని ఏడు లేదు నాకు, పుట్టి బుద్ధెరిగినకాడి నుంచి లేదు అంది. బాపు, "ఈ రాళ్ళల్ల పూలేడియే?" అన్నాడు. నేను మర్నాడు దొరసానికి చెప్పాను. పూలా, నాకు తెలుసు అని మమ్మల్ని జీపులో ఎక్కించుకుని ఎండిన వాగులో పైకి తీసుకుపోయింది. ఒమన్‌లో వాగులు ఏడాదిలో ఎక్కువ రోజులు గులకరాళ్ళే. ఒక మలుపు తిరగ్గానే రాళ్ళ మధ్య పచ్చగా పొదలు, వాటి నిండా గులాబీ రంగు పూలు. గన్నేరు.

దొరసాని జీపు ఆపి చేతులు రెండూ చెంపల మీద పెట్టుకుంది. వాళ్ళ ఊళ్ళో పూటకూళ్ళ ఇంటి ముందు ఈ చెట్లు రెండు తొట్లలో ఉంటాయట. చలికాలం రాగానే నలుగురు మగవాళ్ళు వాటిని మోసుకుపోయి నేలమాళిగలో దాస్తారట. మళ్ళీ వాటిని బయటికి తెచ్చిన రోజు ఊరంతా చలి పోయిందని సంబరపడుతుందట. అంత అపురూపమైన చెట్టు ఇక్కడ ఎవరికీ కాకుండా పూసి ఉంది. అమ్మ ఒక పువ్వు తెంపి కళ్ళకద్దుకుంది. మా ఇంట్లో దేవుడికి రోజూ పెట్టే పువ్వు. గన్నేరు పప్పు సంగతి అమ్మకు తెలియనిది కాదు, కానీ విషం గింజది, పువ్వు దేవుడిది అని లెక్క. ఇద్దరూ ఒడి నిండా కోసుకున్నారు. వాగులో అన్ని మేకలు తిరుగుతున్నా ఆ పొదల్ని ఒక్కటీ ఎందుకు ముట్టలేదో ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

పండగ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు సాయంత్రం మా వాకిట్లో బతుకమ్మ లేచింది. తంగేడు దొరకలేదు. దాని చెల్లెలిలాంటి చిన్న మొక్క, పచ్చటి పూలతో, దారి పక్కన ఉండేది. అది ఒక వరస. గన్నేరు ఒక వరస. అవ్వ ఇచ్చిన మోపెడు గడ్డి పూలతో ఊదా వరస. పైన పసుపు గౌరమ్మ. అమ్మ పాడింది, నేను అందుకున్నాను, దొరసాని తప్పు తాళంలో చప్పట్లు కొడుతూ మా వెంట తిరిగింది. నీళ్ళలో ఎక్కడ వదలాలన్నప్పుడు అమ్మ ఆలోచించలేదు. "నీళ్ళు యాడ తేటగుంటే ఆడనే ఇడువాలె," అంది. ఉతుకుడు రాళ్ళు దాటి, మసీదు దాటి, అందరికంటే పైన, ఊరు తాగడానికి ముంచుకునే చోటికి పోయాం. అప్పుడక్కడ ఎవరూ లేరు. బతుకమ్మ ఒకసారి గిర్రున తిరిగి, రాతి పలకల కిందకు పోయింది. ఇంటికొచ్చి, బెల్లం బదులు ఖర్జూరం వేసి చేసిన మలీద ముద్దలు తిన్నాం. వచ్చిన ఇన్ని నెలల్లో అమ్మ అంత తేలిగ్గా నవ్వడం నేను చూడలేదు.

పొద్దున్నే అవ్వ మా గుమ్మంలో నిలబడింది. అరవలేదు, అదే భయమేసింది. చెయ్యి చాపింది. అరచేతిలో తడిసిన గన్నేరు పూలు.

"ఇవి మీవేనా?"

నేను తలూపాను.

"నా తూము దగ్గర కుప్పగా చిక్కుకున్నాయి. గడ్డితో కలిసి ఉంటే మేక తినేసింది. లేవడం లేదు." తర్వాత నెమ్మదిగా అంది, "ఇది తింటే మేకలు చస్తాయి. ఇక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు."

అమ్మకు చెప్పాను. అమ్మ చేతిలో చాట కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. మేక కాళ్ళు విసిరేసి పడుకుని ఉంది, నోటి నుంచి నురగ. అమ్మ దాని పక్కన కూలబడి తల ఒళ్ళో పెట్టుకుంది. అవ్వ ఏదో కాచి, వెదురు గొట్టంతో దాని గొంతులో పోసింది. అమ్మ దవడలు పట్టింది. మేకల పని అమ్మకు కొత్త కాదు, వాళ్ళ నాయనకు మంద ఉండేది.

మధ్యాహ్నానికి ఊరికి తెలిసిపోయింది. మేక సంగతి ఒకటి, తాగే నీళ్ళ దగ్గర గులాబీ రేకులు తేలడం ఇంకొకటి. నీరటి మా ఇంటికి వచ్చాడు. కోపంగా కూడా లేడు. ఈ సంగతి తేలేదాకా కాలువను ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళిపోయాడు. బాపు కంపెనీ ట్యాంకరు నుంచి డ్రమ్ములో నీళ్ళు తెచ్చాడు. దొరసాని వచ్చి, ఆ చెట్టు చూపించింది నేనే అని ఏడ్చింది. కొత్త మేకను తెచ్చిస్తానంది. అవ్వ ఆమె వైపు చూడకుండా, "ఈ మేక నేను పెంచింది," అంది.

సాయంత్రం బాపు వాకిట్లో నిలబడి, "పోత పోత అంటివి గదా. ఇగ పోదువు. నీళ్ళు బందువెట్టినంక యాడుంటం? టికెట్ అడుగుత," అన్నాడు.

పోవాలని అన్ని నెలలు పోరిన మనిషి అమ్మ.

"ఇప్పుడు పోను."

"మల్ల గిదేందే?"

"ఒకరి మేకను సంపి, ఊరి నీళ్ళు పాడు చేసి, దొంగ తీర్గ పోవాల్నా? మేక లేసినా లేవకున్నా, ఆ అవ్వ ముంగట నిలవడందే ఈ ఊరిడువ."

ఆ మాట తర్వాత అమ్మ ఇంట్లో తక్కువ, అవ్వ పశువుల పాకలో ఎక్కువ ఉంది. అక్కడే కూర్చుని కూరగాయలు తరిగేది, అక్కడే నా తల దువ్వేది. అవ్వ మొదట పట్టించుకోలేదు. మర్నాడు ఒక చాప తెచ్చి అమ్మ పక్కన పడేసింది. ఆ మర్నాడు కాఫీ తెచ్చింది. అమ్మ ఒక్క గిన్నె తాగి, గిన్నెను చక్కగా ఊపి ఇచ్చింది. అవ్వకు నవ్వొచ్చింది, ఆపుకుంది, కానీ మేం చూశాం. మేక ఆ పొద్దే ముందు కాళ్ళ మీద లేచింది. పడింది. మళ్ళీ లేచి, అమ్మ కొంగు నమలడం మొదలుపెట్టింది. అమ్మ ఆ కొంగును లాక్కోలేదు. దాని మెడ పట్టుకుని భోరున ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. అవ్వ మా ఇద్దరినీ మేకనూ కలిపి తిట్టింది.

అదే రోజు అవ్వ మమ్మల్ని వెంటబెట్టుకుని నీరటి దగ్గరికి పోయింది. ఆయన గోడ నీడన, తన కర్ర ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అవ్వ చెప్పింది ఇంతే.

"ఈమె చెత్త పారెయ్యలేదు, పండగ చేసుకుంది. చోటు తెలియక చేసింది. చోటు చూపించు."

నీరటి గడ్డం నిమురుకున్నాడు. "చోటుంది. ఆఖరి తోట దాటాక కాలువ వాగులోకి పడుతుంది. అక్కడ వదిలితే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ఈ నెలల్లో నీళ్ళు అక్కడిదాకా పోవు. తోటలకే చాలడం లేదు."

"నా వంతు పోతుంది," అంది అవ్వ.

ఆయన తలెత్తి చూశాడు. "నీ చెట్లో?"

"చెట్లు నాకంటే ముసలివి. ఒక వంతు తప్పితే చావవు. గడ్డి వాడితే వాడుతుంది."

అమ్మ నా భుజం గీరుతోంది, ఏమంటుందే, ఏమంటుందే అని. చెప్పాను. అమ్మ నమ్మలేదు, మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. నీళ్ళ కోసం సొంత అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునే ఊరి నుంచి వచ్చింది మా అమ్మ. పొలానికి నీళ్ళ వంతు అంటే ఏమిటో ఆమెకు నేను చెప్పాల్సిన పని లేదు. గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మకు అవ్వ ఎవరితోనో వంతు మార్చుకుని సాయంత్రానికి తెచ్చుకుంది. ఈసారి పూలన్నీ ఆమే పరీక్ష చేసింది. బీర పూలు, గుమ్మడి పూలు, గడ్డి పూలు సరే అంది. తంగేడు చెల్లెల్ని చూసి ముక్కు విరిచింది. దాని ఆకును విరేచనం కావడానికి వాడతారట. "ఇది తింటే చావు లేదులే, కడుపు శుభ్రమవుతుంది," అని అదీ ఒప్పుకుంది. బాపు, రూమ్ వాళ్ళందరూ డ్యూటీ దిగి, స్నానం చేసి, ఉతికిన చొక్కాలు వేసుకుని దూరంగా వరసగా నిలబడ్డారు. ఊరి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. దొరసాని ఒళ్ళో అట్టముక్కతో చేసిన ఇల్లు ఉంది. కిటికీలు కోసి ఎర్ర కాగితం అంటించింది. "మా అమ్మ ఇల్లు," అని నాకు చూపించింది.

అమ్మ పాట మొదలుపెట్టింది. ఊరి ఆడవాళ్ళకు మాట రాదు, చప్పట్లు మాత్రం మా కంటే బాగా వచ్చు. కాసేపటికి దొరసాని తాళాన్ని వాళ్ళే సరిచేశారు. రూమ్ వాళ్ళలో ఒకాయన, ఎప్పుడూ అందరినీ ఎగతాళి చేసే మనిషి, తల పక్కకు తిప్పుకుని చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

వంతు రాగానే నీరటి తనే కిందకు దిగి, అవ్వ తూముకు ఉన్న రాయి తీయకుండా, దాని చుట్టూ గుడ్డ ఇంకా గట్టిగా కుక్కాడు. నీళ్ళు అవ్వ తోట పక్క నుంచి, లోపలికి ఒక్క చుక్క పోకుండా, ముందుకు పోయాయి. ఎండిపోయిన ఆఖరి కాలువలో దుమ్మును, రాలిన ఆకుల్ని నెట్టుకుంటూ నెమ్మదిగా వచ్చాయి. పిల్లలం వాటి ముందు వెనక్కి వెనక్కి నడిచాం. అవ్వ తన తోట గట్టు మీద నిలబడి, నీళ్ళను కాదు, అమ్మను చూస్తోంది. అమ్మ వంగి బతుకమ్మను వదిలింది. దొరసాని కొవ్వొత్తి వెలిగించి ఇల్లు వదిలింది. రెండూ ఒకదానికొకటి తగులుకుంటూ పోయి, కాలువ చివర జారి, వాగులోని గులకరాళ్ళ మీద ఆగిపోయాయి. కింద నీళ్ళు ఇంకిపోయాయి. పూలు, దీపం అట్లాగే నిలబడి ఉన్నాయి.

"ఇప్పుడు ఎక్కడికి పోవాలి ఇది?" అని అడిగింది అవ్వ.

అమ్మను అడిగి, అత్తగారింటికి అని చెప్పాను.

అవ్వ ఎండిన వాగును ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. "వాన పడ్డప్పుడు బయల్దేరుతుంది. అప్పటిదాకా ఇక్కడే ఉండనీ," అంది. అమ్మ ఆ మాట నా చేత తెలుగులో చెప్పించుకుని, అవ్వ చెయ్యి పట్టుకుంది.

దసరా వెళ్ళిపోయింది. బాపు టికెట్ మాట ఎత్తలేదు, అమ్మా ఎత్తలేదు. మేక రెండు పిల్లల్ని ఈనింది. రోడ్డు పూర్తయ్యేదాకా, నన్ను ఇక బడిలో వెయ్యక తప్పదనేదాకా, మేం అక్కడే ఉన్నాం. ఏటా అవ్వ వంతు ఒకటి బతుకమ్మకు పోయింది. ఇప్పుడు ఆ ఊళ్ళో మట్టి ఇళ్ళలో ఎవరూ ఉండరని, అందరూ రోడ్డు పక్కన సిమెంటు ఇళ్ళకు వచ్చేశారని విన్నాను. కర్ర నీడ చూసి వంతులు చెప్పే మనిషి ఉన్నాడో లేడో తెలియదు. నా వరకు నేను ఆ నీళ్ళలోనే పెరిగాను, ఇప్పటికీ అంతకంటే మంచి ఊరు చూడలేదు.

మేం తిరిగొచ్చినప్పుడు చుట్టాలంతా మా ఇంట్లో చేరారు. సెంటు సీసాలు, గుడ్డలు, రేడియో చేతులు మారుతున్నాయి. మా పెద్దబాపు అవేవీ ముట్టుకోలేదు. జీవితమంతా నాలుగు మడుల వరి కోసం నీళ్ళ వెంట తిరిగిన మనిషి. "గా దేశంల ఏం చూస్తివే?" అని అమ్మను అడిగాడు. అమ్మ అవ్వ సంగతి చెప్పింది. గదిలో ఒక్కొక్కరే మాటలాపి వినడం మొదలుపెట్టారు.

"తన పొలం ఎండవెట్టుకొని వంతు ఇచ్చిందా?" అన్నాడు పెద్దబాపు. "ఆమెకు నువ్వేమైతవని ఇచ్చిందే?"

"ఏం కాను," అంది అమ్మ. "ఆమె మేకను సంపబోయిన."